గంప క్రింది కోడి

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 12వ అధ్యాయము, గలతీయులకు 6:1, 2 కొరింథీయులకు 2:5-8



ఈ నెల పాఠమునకు మేము గొప్ప సంగతి నేదియు ఎంచుకొనలేదు. మా పెరటిలోని ఒక నల్ల పెట్టను గూర్చియే వ్రాయుచున్నాము. నీతిగలవాడు తాను పెంచు మూగజీవి బాధను సయితము పట్టించుకొనునని సామెతల గ్రంథము 12:10 మనకు నేర్పుచున్నది. ఆ మాటను బట్టి ఒక కోడికి సేవ చేయబోయి, మేము సంఘమును గూర్చిన పాఠము నేర్చుకొంటిమి.

గత వేసవిలో ఒక సాయంకాలము వీధికుక్క పెరటిలో దూరి ఆ పెట్టను వీపుమీద, తోకకు కొంచెము పైగా పట్టుకొనెను. మేము కేక వేయగా విడిచి పారిపోయెను గాని, చర్మము చినిగి రక్తము కారుచుండెను. దీపము కొరకును గుడ్డ కొరకును మేము లోపలికి వెళ్లి తిరిగి వచ్చునంతలో మిగిలిన కోళ్లు దాని చుట్టు చేరి, సరిగా ఆ పుండుమీదనే పొడుచుచుండెను. నిన్నటివరకు దానితో కలిసి గింజలు ఏరుకొనినవే. అది తన రెక్కల క్రింద పెంచిన పిల్ల కూడ పెద్దదై వాటిలో నుండెను.

ప్రక్కయింటి అవ్వ గోడమీదుగా చూచి, "అయ్యగారూ, మందు సంగతి తరవాత. ముందు దాన్ని గంపకింద పెట్టండి. కుక్క కరిచిన కోడి బతుకుద్ది గాని, కోళ్లు పొడిచిన కోడి బతకదు" అనెను.

కోళ్లు పగచేత ఇట్లు చేయవు. ఎఱ్ఱగా తడిగా మెరయుదానిని పొడిచి చూచుట వాటి నైజము. అంతేగాక ఏ కోడి ఏ కోడిని పొడువవచ్చునో మందలో ఒక వరుస యుండును. నార్వే దేశస్థుడైన షెల్డెరుప్ ఎబ్బె అను శాస్త్రజ్ఞుడు దీనిని శ్రద్ధగా కనిపెట్టి 1922లో ప్రకటించెను. దెబ్బతిన్న కోడి ఆ వరుసలో అడుగునకు పడిపోవును. అంతవరకు దానికి లోబడినవి కూడ అప్పుడు దానిని పొడుచుటకు ధైర్యము తెచ్చుకొనును.

మొదటిది: గాయము కట్టుట

ఆ రాత్రి మేము చేసినదియు, మరునాడు పశువైద్యుని అడిగి తెలిసికొనినదియు మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము. గాయపడిన కోడిని తరుమకూడదు. పాత గుడ్డ కప్పి, రెక్కలు కొట్టుకొనకుండ మెల్లగా ఎత్తుకొనవలెను. చీకటిలో అది త్వరగా నెమ్మదించును. శుభ్రమైన గుడ్డను పుండుమీద కొన్ని నిమిషములు అదిమి పట్టిన రక్తము ఆగును. తరువాత కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, ఆ నీటితో కడుగవలెను. పుండు చుట్టునున్న ఈకలను కత్తిరింపవలెను గాని పీకరాదు. కుక్క నోరు పెట్టిన గాయము గనుక పని ముగిసిన తరువాత మన చేతులను సబ్బుతో బాగుగా కడుగుకొనవలెను.

కోడి నోరు తెరచి నీళ్లు పోయకూడదు. దాని ఊపిరిగొట్టపు ద్వారము నాలుక మొదటనే యున్నది. నీరు అందులోనికి పోయిన ప్రాణాపాయము. ముక్కు కొనను నీటికి తాకించిన చాలును, త్రాగగలిగినప్పుడు అదే త్రాగును. ఒళ్లు వేడిగా నున్నదని భయపడవద్దు. కోడి ఒంటి వేడి ఎల్లప్పుడును సుమారు 41 డిగ్రీలు, అనగా మనకంటె ఎక్కువ. వేసవిలో ఈగలే గొప్ప శత్రువులు. పుండుమీద ఈగ పెట్టిన గ్రుడ్లు ఒక్క దినములోనే పురుగులగును. కావున గంపమీద పలుచని గుడ్డ కప్పి, దినమునకు రెండు సారులైనను పుండును చూడవలెను. పుండు లోతుగా నున్నను, దుర్వాసన వచ్చినను ఆలస్యము చేయక పశువైద్యశాలకు తీసికొని పోవలెను. మందు వాడిన దినములలో దాని గ్రుడ్లు తినవచ్చునో లేదో అక్కడనే అడుగవలెను.

మా పెట్ట రెండు దినములు కదలక కూర్చుండెను. మూడవ దినమున నూకల జావ ముట్టెను. అప్పుడు మా యింటిలో పిల్లలు పండుగ చేసికొనిరి.

గాయము కట్టుటకు ఇంత మెత్తని చేయి కావలెను. గలతీయులకు వ్రాయుచు పౌలు తప్పిదములో చిక్కుకొనినవానిని సాత్వికముతో బాగుచేయుడని హెచ్చరించెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటయే మార్కు 1:19లో యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుటను గూర్చియు వాడబడినది. ఆ కాలపు వైద్యులు తప్పిన ఎముకను సరిచేయుటకును ఆ మాటనే వాడిరి. చినిగిన వలను జాలరి పారవేయడు. దారము తీసికొని కూర్చుండును. ఎముక కట్టువాడు కోపముతో కట్టడు. మా కోడి ఏ తప్పును చేయలేదు, మనిషి తప్పు చేసినవాడు గదా అని మీరు అడుగవచ్చును. పౌలు చెప్పినది తప్పు చేసినవానిని గూర్చియే గదా!

రెండవది: గంప ఎవరి కొరకు?

ఒకే గంప రెండు పనులకు పనికివచ్చును. కొక్కెర తెగులు తగిలిన కోడిని మంద క్షేమము కొరకు వేరుచేయుదుము. గాయపడిన కోడిని దాని క్షేమము కొరకే వేరుచేయుదుము. బయటనుండి చూచువానికి రెండును ఒకటిగానే కనబడును. గాని రెండవ గంపను ఎప్పుడు ఎత్తుదుమా యని యజమానుడు దినములు లెక్కించుచుండును.

మిర్యాము సంగతి చూడుడి. ఆమె మోషేకు విరోధముగా మాటలాడి కుష్ఠము పొందెను. తప్పు ఆమెదే. తన మీద మాటలాడినదాని కొరకు మోషేయే దేవునికి మొఱ్ఱపెట్టెను. ఏడు దినములు ఆమె పాళెము వెలుపల నుండవలెనని దేవుడు సెలవిచ్చెను. 15వ వచనమును జాగ్రత్తగా చదువుడి. ఆమె తిరిగి చేర్చబడువరకు జనులు ప్రయాణము కాలేదు. సీనాయి అరణ్యములో లెక్కింపబడిన యుద్ధసన్నద్ధులైన పురుషులే 6,03,550 మంది (సంఖ్యాకాండము 1:46). స్త్రీలు, పిల్లలు, లేవీయులు ఆ లెక్కలో లేరు. అంత జనము ఒక్క స్త్రీ కొరకు హజేరోతులో నిలిచిపోయెను. వేరుచేసిన దేవుడు దినములు నియమించెను. మిగిలినవారిని కనిపెట్టుకొని యుండజేసెను.

మూడవది: తిరిగి మందలో చేర్చుట

మూడు వారములకు పుండు మానెను. మేము సంతోషించి ఒక ఉదయమున పెట్టను మంద మధ్య విడిచితిమి. వెంటనే పెద్ద పెట్ట దానిమీదికి దూకి గోడ మూలకు తరిమెను. అవ్వ మరల నవ్వి, "మూడు వారాలు కనబడకపోతే వాటికది కొత్త కోడే కదయ్యా" అని చెప్పి మాకు ఉపాయము నేర్పెను.

ఆ ప్రకారము సందులున్న గంపను పెరటి నడుమ బోర్లించి, నాలుగు దినములు పెట్టను అందులో నుంచితిమి. మిగిలినవి దానిని చూచును గాని పొడువలేవు. అయిదవ రాత్రి కోళ్లు కర్రయెక్కి నిద్రపోయిన తరువాత దానిని మెల్లగా తీసికొనిపోయి వాటి నడుమ కూర్చుండబెట్టితిమి. తెల్లవారి అన్నియు కలిసియే మేలుకొనెను. మేత రెండు చోట్ల చల్లి, ఆ పూట అంతయు మేము పెరటిలోనే నిలిచితిమి.

ప్రియులారా, ఆ ఉదయము అక్కడ నిలుచుండగా మాకు ఒక సోదరుడు జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన సెలవుతోనే, పేరు లేకుండ ఈ సంగతి వ్రాయుచున్నాము. ఆయన కోతపండుగ కానుకల సొమ్ములో కొంత వాడుకొని, తానే ఒప్పుకొని, మేకలను అమ్మి తీర్చివేసెను. ఆరు నెలలు ప్రభురాత్రి భోజనములో పాలు పొందకూడదని పెద్దలును మేమును నిర్ణయించితిమి. ఆ నిర్ణయము తప్పు కాదు. గాని ఆ దినమునుండి బావి యొద్దను కొట్టు యొద్దను ఆ మాటయే. బడిలో ఆయన పిల్లలకును ఆ మాటయే. ఆయన ఆదివారమున గుడి బయట వేపచెట్టు క్రింద కూర్చుండి పాటలు విని వెళ్లుచుండెను.

మేము ఇంటికి పోయి సంఘపు పుస్తకము తీసి చూచితిమి. వెలిచేసిన తేది మా చేతివ్రాతతోనే యున్నది. తిరిగి చేర్చుకొనవలసిన తేది మేము వ్రాయనేలేదు. అప్పటికి తొమ్మిదవ నెల నడుచుచుండెను. కోడికి దినములు లెక్కపెట్టిన మేము సహోదరునికి నెలలైనను లెక్కపెట్టలేదు.

ఆ సాయంకాలమే ఒక సంఘపెద్దను వెంటబెట్టుకొని వెళ్లితిమి. ఆయన చాప పరచి, చాలసేపు ఊరకుండి, "ఆరు నెలలన్నారు గదా అయ్యగారూ. అయిపోయిన ఆదివారం తెల్లచొక్కా వేసుకొని వచ్చాను. ఎవరైనా లోపలికి పిలుస్తారేమోనని చూశాను" అనెను. మాకు జవాబు లేకపోయెను. ఆయన యెదుటను, ఆయన పిల్లల యెదుటను క్షమాపణ వేడుకొంటిమి.

కొరింథు సంఘములో శిక్షింపబడినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండునట్లు అతని క్షమించి ఓదార్చి, మీ ప్రేమను అతనికి స్థిరపరచుడని పౌలు బతిమాలెను. ఓదార్చుట కూడ సంఘక్రమములోని భాగమే. దానిని విడిచిపెట్టినయెడల మనము సగము పనియే చేసినవారము.

మేము ఆయనను వెంటనే గుడి ముందుకు పిలువలేదు. మొదట రెండు వారములు ఆయన యింటనే సాయంకాల ప్రార్థన పెట్టితిమి. అయిదారు కుటుంబములవారు వచ్చి ఆయన చాపమీద కూర్చుండిరి. మూడవ ఆదివారమున ఆయన వారితో కలిసియే లోపలికి వచ్చి బల్లయొద్ద పాలుపొందెను. ఇద్దరు ముగ్గురు ముఖము త్రిప్పుకొనిరి. వారి కొరకును ప్రార్థించుచున్నాము. కానుకల లెక్క ఇంకను ఆయనకు అప్పగింపలేదు. మా పెట్ట వీపుమీద కత్తిరించిన ఈకలు ఇంకను మొద్దులుగానే యున్నవి. ఈకలు రాల్చు కాలము వచ్చినప్పుడే అవి ఊడి క్రొత్తవి మొలచును. అంతవరకు అది మందలోనే మేయుచున్నది.

కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనునట్లు నిన్ను చేర్చుకొనగోరితినని యెరూషలేమును చూచి ప్రభువు దుఃఖపడెను (మత్తయి 23:37). తన్ను తృణీకరించిన పట్టణమునకే ఆయన ఆ రెక్కలు చాపెను. ఆ రెక్కల క్రింద చోటు దొరికిన మనము మన ప్రక్కవాని పుండుమీద పొడువవచ్చునా?

గృహకూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో వేపచెట్టు క్రింద కూర్చున్నవారు ఎవరు? వారిని పిలువవలసిన దినము దాటిపోయినదా?

2. ఈ వారము మన నోట ఎవరి గాయమును గూర్చిన మాట వచ్చినది? అది కట్టుటకా, పొడుచుటకా?

3. ఇశ్రాయేలీయులు మిర్యాము కొరకు ఆగిరి. మన కూటములో ఒకరు లేరని మనము ఆగిన దినము ఎప్పుడైన కలదా?

ప్రార్థన: ప్రభువా, మా నోళ్లను కాయుము. వేరుచేయవలసి వచ్చినప్పుడు కన్నీటితో చేయనిమ్ము. తిరిగి చేర్చుకొనవలసిన దినమును మేము మరువకుండ మాకు జ్ఞాపకము చేయుము. ఆమేన్.