పక్క తడవని రాత్రులు

మూత్రాశయం తీసేసి, చిన్నపేగు ముక్కతో పొట్ట మీదికి మూత్రం దారి తిప్పిన మా బోటివాళ్లకు పగలు ఎలాగో గడిచిపోతుంది. బెంగంతా రాత్రిదే. 1950లో అమెరికా సర్జన్ బ్రికర్ వివరించిన ఈ ఆపరేషన్‌లో ఆ దారికి మూత ఉండదు, కిడ్నీలకేమో సెలవుండదు. తెనాలిలో కాపురం, బాపట్లలో కూతురు, రేపల్లెలో బావమరిది. ఆ మూడిళ్లలో పడుకుని తెలుసుకున్న సంగతులివి. అర్ధరాత్రి కారిందంటే కారణం చాలాసార్లు పడుకోబోయే ముందే ఉంటుంది.

1. పొట్ట మీది సంచిలో పట్టేది సుమారు అర లీటరే. రాత్రికి రెండు లీటర్ల సంచి పైపుతో తగిలించాల్సిందే. తగిలించే ముందు పై సంచిలో కొంచెం మూత్రం ఉంచండి. పూర్తిగా వంచేస్తే దాని గోడలు అతుక్కుపోయి, కిందికి జారాల్సింది, సంచిని చర్మానికి అంటించే ప్లేటు కిందికి తన్నుకొస్తుంది. పైపులో ధార కదలడం కళ్లారా చూశాకే లైటు ఆర్పండి.

2. కింది సంచి పొట్టకంటే దిగువన ఉండాలి. వేసవిలో రేపల్లెలో అందరూ మేడ మీద చాపలు పరుచుకుంటారు, నాకు మాత్రం మంచం వేయమని మొహమాటం లేకుండా అడుగుతాను. సంచిని బకెట్లో పెడితే చుక్క కారినా నేల తడవదు. లుంగీ మడతల్లో పైపు మెలిపడుతుంది. పైజమా కాల్లోంచి దింపి, తొడకు పట్టీ వేసి, పక్కకు తిరగడానికి కాస్త వదులుంచండి.

3. ప్లేటు మార్చేది పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు. అప్పుడే చుక్కలు తక్కువ. ఉత్త నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, అంటించాక అరచేత్తో అదిమి కాసేపు వెచ్చబరచండి. కొబ్బరినూనె, పౌడరు చుట్టూ రాస్తే జిగురు పట్టదు. పొట్ట మీది పేగు మొన (స్టోమా) చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి చర్మం కనపడకూడదు. ఆపరేషన్ తర్వాత మొదటి ఆరెనిమిది వారాల్లో మొన కుంచించుకుపోతుంది కనక ప్రతిసారీ కొలవాలి. మే నెలలో బాపట్ల ఉక్కకు చెమటే ప్లేటును ఊడదీస్తుంది, ఆ రోజుల్లో గడువుకు ముందే మార్చేస్తాను. కారే ప్లేటు మీద టేపు మీద టేపు వేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మూత్రం లోపలే నిలిచి చర్మం పుండవుతుంది.

4. తీసిన ప్లేటును పారేయకుండా తిరగేసి చూడండి. ఒక పక్క జిగురు ఉబ్బి, తెల్లగా కరిగి ఉంటుంది. కారుతున్నది అటునుంచే. కూర్చుని అద్దంలో చూస్తే అక్కడే చర్మం మడత కనపడొచ్చు. ఆ ప్లేటునే స్టోమా నర్సుకు చూపిస్తే గుంటను నింపే పేస్టో, కుంభాకారపు ప్లేటో చెబుతారు.

5. భయపడి నీళ్లు మానకండి. పగలు బాగా తాగి, పడుకోబోయే ముందు తగ్గించండి, అంతే. మూత్రం చిక్కబడితే పేగు జిగట పోగులు పైపుకు అడ్డం పడతాయి. ఆ పోగులు రోగం కాదు, పేగు గుణం. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి వచ్చినా, సంచిలోకి చాలాసేపు ఏమీ దిగకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

6. డెల్టా ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లాలంటే కింది బెర్తు అడిగి తీసుకోండి. ప్లేట్లు ఇంట్లోనే కత్తిరించి పెట్టుకోండి, ఊగే బోగీలో కత్తెర పని కుదరదు.

7. చుట్టాలింట్లో పరుపు మీద రబ్బరు షీటు వేయమని అడగడానికి నాకు మొదట సిగ్గేసేది. ఇప్పుడు ఫోన్లోనే చెప్పేస్తున్నాను, అమ్మాయి ముందే పరిచి ఉంచుతోంది.