కొబ్బరి నీడలో కనకాంబరం

ఆషాఢం చివరికి వచ్చింది. నేల బాగా నానింది, ఎండ తగ్గింది, గాలిలో తేమ ఉంది. మొక్క నాటితే వాడిపోకుండా నిలదొక్కుకునే రోజులివి. కొబ్బరి చెట్ల మధ్య గడ్డి పెరిగి ఖాళీగా ఉన్న జాగాలో ఏదైనా వేద్దామనుకునే రైతులు ఏటా ఈ సమయంలోనే అడుగుతుంటారు, నీడలో బతికి, ఆకు రాల్చకుండా ఏడాదంతా పచ్చగా ఉండి, నాలుగు రాళ్లు తెచ్చే మొక్క ఏదని. కోకో, కంద, పసుపు, తమలపాకు ఎటూ ఉన్నాయి. పూల మొక్కల్లో మాత్రం నా ఓటు కనకాంబరానికే.

కనకాంబరం మన దేశంలోనూ శ్రీలంకలోనూ పుట్టిన మొక్క. అడ్డసరం, నేలవేముల కుటుంబానికి చెందినది. రెండు మూడడుగుల ఎత్తు పెరిగే చిన్న పొద. రాయలసీమలో దీన్ని ఆరుబయటే పండిస్తారు, పండుతుంది కూడా. కానీ పలచటి నీడలో ఆకు ముదురుపచ్చగా నిగనిగలాడుతుంది, పువ్వు రంగు వెలిసిపోదు, ఎండాకాలంలో మొక్క అలసిపోదు. పలచటి నీడ అన్నానే గాని చిక్కటి నీడ అనలేదు. ఈ తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

మీ తోటలో నీడ ఎంత ఉందో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఎండ కాసిన రోజు మిట్టమధ్యాహ్నం నాలుగు చెట్ల నడుమ ఒక తెల్ల పంచె పరిచి చూడండి. దాని మీద దాదాపు సగం మేర ఎండ మచ్చలు పడితే కనకాంబరం హాయిగా పూస్తుంది. అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే పడితే మొక్క సన్నగా సాగి, ఆకులు వేసి, పూల వెన్నులు తక్కువగా ఇస్తుంది. కొబ్బరి తోటలో ఇది చెట్టు వయసును బట్టి మారుతుంది. నాటిన తొలి ఏడెనిమిదేళ్లు కావలసినంత వెలుతురు ఉంటుంది. ఎనిమిదేళ్ల నుంచి సుమారు పాతికేళ్ల దాకా మట్టలు ఒకదానికొకటి అల్లుకుని నేల చీకటిగా ఉంటుంది. ఆ తరువాత చెట్టు ఎత్తు పెరిగి మళ్లీ ఎండ కిందికి దిగుతుంది. మీ తోట నడి వయసులో ఉంటే కనకాంబరం జోలికి పోకండి, కంద వేసుకోండి.

కొబ్బరిని 8 మీటర్ల దూరంలో నాటి ఉంటే, చెట్టు మొదలు నుంచి 2 మీటర్ల మేర దాని వేళ్లు దట్టంగా ఉంటాయి. ఆ పళ్లెం వదిలేయాలి. రెండు వరుసల మధ్య 4 మీటర్ల పట్టీ మనకు మిగులుతుంది. అంటే ఎకరం తోటలో కనకాంబరం వేయగలిగేది అర ఎకరమే. దింపు తీసేటప్పుడు గెలలూ మట్టలూ ఆ పళ్లెంలోనే పడేలా చూడమని దింపు మనిషికి ముందే చెప్పండి. పూత మీదున్న పొద మీద ఒక గెల పడిందంటే ఆ సాళ్లో ఖాళీ వచ్చినట్టే.

రకాల విషయానికొస్తే, మన వైపు ఎక్కువ గిరాకీ ఢిల్లీ కనకాంబరానిదే. ముదురు నారింజ రంగు, పెద్ద పువ్వు, ఏపుగా పెరిగే మొక్క. ఇది విత్తనం కట్టదు, కొమ్మ ముక్కలతోనే పెంచాలి. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్కా అంబర, అర్కా కనక, అర్కా శ్రీయ, అర్కా శ్రావ్య వంటి రకాలను ఇచ్చింది. నాటు రకాలు విత్తనంతో వస్తాయి, పసుపు రకం కూడా ఉంది. సంతలో ఏ రంగు అడుగుతున్నారో పూల అంగడి వాళ్లను కనుక్కున్నాకే రకం ఎంచుకోండి.

నాటు రకాల విత్తనం సేకరించడంలో ఒక చిక్కుంది. పూలు రాలిన వెన్ను ఎండి గోధుమ రంగుకు తిరిగాక దాని కాయలకు తడి తగిలితే చాలు, టప్పుమని పగిలి విత్తనాలు దూరంగా ఎగిరిపోతాయి. ఒక్క జల్లు పడితే చెట్టు మీది విత్తనమంతా పోయినట్టే. అందుకని వాన రాకముందే వెన్నులు కోసి, నీడన ఆరబెట్టి, లోతైన గిన్నెలో వేసి, పైన పలచటి గుడ్డ కట్టి, దాని మీద నీళ్లు చిలకరించండి. నిమిషాల్లో కాయలు చిట్లడం మొదలవుతుంది, విత్తనం గిన్నెలోనే ఉంటుంది. తాజా విత్తనం బాగా మొలుస్తుంది, నిల్వ ఉంచిన కొద్దీ మొలక తగ్గుతుంది. ఎత్తు మడిలో చల్లి పెంచిన నారు రెండు నెలల వయసులో నాటుకు వస్తుంది. మేలో నారు పోసుకున్నవారు ఇప్పుడు నాటుకోవచ్చు. పోసుకోనివారు ఆరోగ్యంగా ఉన్న ఢిల్లీ కనకాంబరం నుంచి జానెడు లోపు, మూడు నాలుగు కణుపులున్న కొమ్మ కొసలు తీసి, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టండి. ఈ తేమలో నెల తిరిగేసరికి వేళ్లు పోస్తాయి.

కడియం వైపు నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకునేవారు డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేయాలి. నాలుగైదు సంచులు ఎంచి, మెల్లగా చించి, వేళ్లు కడిగి చూడండి. తెల్లగా, పీచులా, గిల్లితే పుటుక్కున తెగేలా ఉంటే మంచి మొక్క. వేళ్ల మీద గోధుమ, నలుపు మచ్చలున్నా, పూసల్లా బుడిపెలు కనిపించినా ఆ మడి మొక్క ఒక్కటీ తీసుకోవద్దు. అవి నులిపురుగుల గుర్తులు. కంటికి కనిపించని ఈ పురుగులు వేరుకు గాయం చేస్తాయి, ఆ గాయంలోంచి ఎండు తెగులు శిలీంధ్రం లోపలికి దూరుతుంది. పచ్చగా ఉన్న మొక్క ఆకులు వేలాడేసి, వారం తిరగకుండా నిలువునా ఎండిపోతుంది. మందు పోసినా తిరిగి రాదు. కనకాంబరం వేసి చేతులు కాల్చుకున్న వారిలో ఎక్కువమందికి జరిగింది ఇదే. కిందటి పంట వంగ, టమాటా, బెండ అయి, వాటి వేళ్లకు బుడిపెలు చూసి ఉంటే, ఆ నేలలో ఈ ఏడు కనకాంబరం వద్దు. ఒక పంట బంతి వేయండి. బంతి వేళ్లు నులిపురుగుల్ని అణచుతాయి, పూలూ అమ్ముడవుతాయి.

తరువాతి శత్రువు నీళ్లే. నీడన ఉన్న నేల తొందరగా ఆరదు. ఆరుబయట చేనుకు పెట్టినట్టే ఇక్కడా నీరు పెడితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. డెల్టా ఒండ్రు నేలల్లో ఈ బెడద మరీ ఎక్కువ. అందుకే మురుగు కాలువ తీయకుండా మొక్క నాటవద్దు. పట్టీ పొడవునా 60 సెంటీమీటర్ల ఎడంతో బోదెలు ఎత్తుగా తోలి, వాటి పక్క వాలు మీద నాటండి. మొక్కకూ మొక్కకూ నాటు రకాలకు 30 సెంటీమీటర్లు, ఢిల్లీ రకానికి 40 సెంటీమీటర్లు. ఈ లెక్కన అర ఎకరం పట్టీకి ఢిల్లీ రకం ఎనిమిది వేల పైచిలుకు మొక్కలు పడతాయి. వానలు ఉన్నన్నాళ్లూ నీటి ఊసే వద్దు. ఆ తరువాత మొక్క పక్కన వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. మట్టి చల్లగా వేలికి అంటుకుంటే ఆ రోజు నీరు పెట్టకండి. మొదట్లో గాబు తీసుకుంటే చాలు, పొదలు కమ్ముకున్నాక కలుపు తగ్గుతుంది.

అర ఎకరానికి ఆఖరి దుక్కిలో 5 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు, 100 కిలోల వేపపిండి వేయండి. నాటే ముందు 75 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 15 కిలోల యూరియా చాలు. కొబ్బరికి వేసే ఎరువు దానికి విడిగా వేయాల్సిందే, ఇది దాని వాటా కాదు. ఇంతకన్నా ముఖ్యమైనది ట్రైకోడెర్మా. 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చల్లి, గోనెసంచులు కప్పి వారం పది రోజులు నీడన ఉంచితే బూజు పట్టి తయారవుతుంది. దాన్ని నాటే గుంటల్లో వేయండి. ఎండు తెగులు వచ్చాక పరుగులు తీయడం కంటే ఇది చవక. ఎక్కడైనా మొక్క ఎండితే వేళ్లతో సహా పీకి కాల్చేసి, చుట్టుపక్కల మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి.

లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పాలిపోతే అది తెగులు కాదు, ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేస్తే ఆకు రంగు తిరుగుతుంది. పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె చాలు. తలలో పెట్టుకునే పూలు, దేవుడికి పెట్టే పూలు ఇవి. ఘాటైన మందులు కొట్టి మరునాడు కోసి అమ్మకండి.

తోట లేకపోయినా పెరటి గోడకు తూర్పు పక్కన, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట నాలుగు మొక్కలు వేసుకుంటే ఇంటి అవసరానికి సరిపోతాయి. మామిడి చెట్టు కొమ్మల కింద మాత్రం వద్దు, ఆ నీడ చిక్కన.

నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలవుతుంది, అంటే ఇప్పుడు నాటితే దసరా, కార్తీకాలకు అందుతుంది. చలి ముదిరాక పూత కొంత తగ్గినా, మాఘమాసం పెళ్లిళ్లకు మళ్లీ పుంజుకుంటుంది. వెన్ను మీద పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి కాబట్టి రోజు విడిచి రోజు, తెల్లవారుజామునే కోయాలి. విత్తనం అక్కర్లేకపోతే పూలు అయిపోయిన వెన్నులు తుంచేయండి, కొత్తవి తొందరగా వస్తాయి. ఇలా రెండు మూడేళ్లు పంట ఉంచవచ్చు.

ఆరుబయట ఎకరానికి ఏడాదికి నాటు రకాలు 8 క్వింటాళ్లు, ఢిల్లీ రకం 11 క్వింటాళ్ల వరకు ఇస్తాయి. నీడన అంత రాదు, ఆ లెక్కతో అప్పు చేయకండి. పైగా కిలో కనకాంబరం తూగాలంటే దాదాపు 15 వేల పూలు కోయాలి. శ్రావణంలో, పెళ్లిళ్ల రోజుల్లో ధర ఎగబాకుతుంది, మూఢంలో పడిపోతుంది. కోత మాత్రం ఎప్పుడూ ఆగదు. కూలికి మనుషుల్ని పెట్టి కోయిస్తే ధర పడిన నెలల్లో చేతికి ఏమీ మిగలదు. కాబట్టి మొదటి ఏడాది పది సెంట్లు మించి వేయవద్దు. ఇంట్లో తెల్లవారుజామున లేచి పూలు కోయగలవాళ్లు ఎందరున్నారో చూసుకుని, వాళ్లతో మాట్లాడాకే రెండో ఏడు విస్తీర్ణం పెంచండి.