కొబ్బరి పొట్టులో మిరపనారు: గుంత పరిమాణమును నిర్ణయించు విధము

మిరప, టమాటా నారును మడిలో గాక, కొబ్బరి పొట్టు నింపిన గుంతల ట్రేలలో పెంచుట నేడు మన రైతులలో పెక్కుమంది యెరిగిన పద్ధతియే. అయినను ట్రే కొనునపుడు ధరయెంతయని అడుగువారే గాని, గుంత యెంత లోతున్నది, అందులో మొక్క యెన్నిదినములు సుఖముగా నుండగలదని విచారించువారు అరుదు. సంకరజాతి మిరప విత్తనము పది గ్రాముల పొట్లములో సుమారు 1500 గింజలు మాత్రమే యుండును. అంత వెలపెట్టి కొన్న గింజ మొలచి, ఆకువేసి, తీరా పొలములో నాటిన పిదప గిడసబారి నిలిచిపోయినయెడల, ఆ నష్టము విత్తనపు ధరతో తీరదు, అదను తప్పును. అట్టి నష్టములలో కొన్నిటికి మూలము గుంత పరిమాణమే గనుక ఈ విషయమును కొంత విపులముగా తెలుపుచున్నాము.

మొదట నీటిసంగతి. కొబ్బరి పొట్టు తన బరువునకు కొన్నిరెట్లు నీటిని పట్టియుంచును. ఏ పాత్రయందైనను, నీరుపోసి వడియనిచ్చిన పిదపకూడ, అడుగున కొంతమేర పూర్తిగా తడిసిన పొర మిగులును. ఈ పొర మందము పాత్రయొక్క ఎత్తును బట్టి మారదు. పొట్టుయొక్క మెత్తదనమును బట్టియే యుండును. కావున లోతుతక్కువ గుంతలో ఈ తడిపొర సగము గుంతను ఆక్రమించును. లోతైన గుంతలో అడుగునమాత్రమే యుండి, పైన వేళ్లకు గాలి దొరకును. నమ్మకము లేనివారు ఒక స్పాంజి ముక్కను నీట ముంచి, వెడల్పుగా పట్టుకొని బొట్లు ఆగువరకు చూడవలెను. పిమ్మట దానినే నిలువుగా త్రిప్పి పట్టుకొనిన మరికొంత నీరు కారును. స్పాంజి అదే, నీరు అదే; ఎత్తు మాత్రమే మారినది. చిన్నగుంతల ట్రేలలో ముసురుపట్టిన దినములందు నారుకుళ్లు తెగులు త్వరగా వ్యాపించుటకు ఇది యొక కారణము.

అట్లని ప్రతివారును పెద్దగుంతలే కొనవలెనని మా అభిప్రాయము కాదు. మిరప, టమాటా, వంగ, క్యాబేజీ నారునకు 98 గుంతల ట్రే సాధారణముగా చాలును. దోస, కాకర, పుచ్చ మొదలగు పెద్దగింజల పైరులకు 50 గుంతలది మేలు. టమాటా 21 మొదలు 25 దినములలోను, మిరప 35 మొదలు 40 దినములలోను నాటుటకు వచ్చును. ఆ గడువులోపల నాటగలవారికి 98 గుంతల ట్రేతో ఏ చిక్కును లేదు.

చిక్కంతయు నీటికొరకు ఎదురుచూచు రైతునకే. బావిగాని బోరుగాని గలవాడు నాటుదినమును తానే నిర్ణయించుకొనును. వర్షముపైనను, కాలువ నీటి విడుదలపైనను ఆధారపడినవానికి ఆ స్వాతంత్ర్యము లేదు. నారు సిద్ధమైన పిదప వాన పదునైదు దినములు వెనుకబడెనా, చిన్నగుంతలోని తల్లివేరు అడుగునకు తగిలి, చుట్టలు చుట్టుకొనును. అట్లు చుట్టుకొనిన వేరు పొలములో నాటిన పిదపకూడ చక్కబడుట కష్టము. మొక్క బ్రతికియుండును గాని లోతునకు వేరుతన్నదు. గాలికి ఒరుగును, బెట్టకు మొదట వాడును. కావున వర్షాధారపు భూములవారు, కాలువ చివరి ఆయకట్టువారు మిరపకుసైతము 50 గుంతల ట్రేనే ఎన్నుకొనుట మంచిది. ఖర్చు పెరుగుమాట నిజమే. లెక్క చూడుడు. వరుసల నడుమ 90 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 45 సెంటీమీటర్ల దూరమున ఎకరమునకు సుమారు 10,000 మొక్కలు పట్టును. పోయినవానికి పదింట ఒకవంతు అదనముగా వేసికొనిన 11,000. ఇందుకు 98 గుంతల ట్రేలు 113 కావలెను. 50 గుంతలవి 220. స్థలమును సుమారు రెట్టింపగును. ట్రేలను జాగ్రత్తగా కడిగి దాచుకొనిన మరుసటి యేటికిని పనికివచ్చును గనుక ఈ ఖర్చంతయు ఒకే పంటపై వేసి చూడరాదు.

నారు ముదిరినదో లేదో తెలియుటకు ఆకులను చూచిన చాలదు. ఒక మొక్కను ఉండతోసహా మెల్లగా పైకి తీయవలెను. తెల్లనివేళ్లు పొట్టును విడిపోకుండ పట్టియుండిన అదియే నాటు సమయము. ఉండ విరిగిపోయిన ఇంకను లేతది. అడుగున గోధుమరంగు వేళ్లు చాపవలె అల్లుకొనియుండిన ఆలస్యమైనట్లే. ట్రేలను నేలపై పరచక వెదురుతడికెలపై నెత్తుగా నుంచిన, రంధ్రమునుండి వెలికివచ్చిన వేరుకొన గాలికి ఎండి ఆగిపోవును. చుట్టుకొనుట కొంత తగ్గును.

మొక్కను కడవరకు పొట్టులోనే పెంచువారికి, అనగా పాలీహౌసులయందును పెరళ్లయందును కుండీలలో పెంచువారికి, ఒక హెచ్చరిక. కుండీ వెడల్పును చూచి లోపలి కొలతను ఊహింపరాదు. వెడల్పు, ఎత్తు రెండును 20 సెంటీమీటర్లైన తిన్నని కుండీలో సుమారు 6 లీటర్లు పట్టును. రెండును 30 అయిన 21 లీటర్లు. అడుగు సన్నమైనదైన నాలుగింట ఒకవంతు తగ్గించుకొనవలెను. మిరప, టమాటాలకు 10 మొదలు 15 లీటర్లు తగినవి. ఇంతకంటె చిన్నదైనను మొక్క పెరుగును గాని, వేసవిలో దినమునకు పలుమార్లు నీరు, ఎరువుద్రావకము అందింపవలసియుండును. ఒకపూట కరెంటు పోయినను వాడును. లేతమొక్కను ఒక్కసారిగా పెద్దకుండీలో నాటి రోజూ తడుపుటయు తగదు. వేరు చేరని పొట్టు ఊరక తడిగా నిలిచియుండును.

పొట్టు కోనసీమదైనను మరెక్కడిదైనను, ఉప్పునీటిలో నానిన పీచునుండి వచ్చినదైయుండవచ్చును. దానిని మంచినీట పలుమార్లు కడిగి, దిగిన నీటి ఉప్పదనము పోసిన నీటితో సమానమగువరకు కడుగవలెను. ఇందుకు చేతిలో ఇమిడెడు కొలతపరికరములు దొరకుచున్నవి. పిమ్మట కాల్షియం నైట్రేటు కలిపిన నీటిలో ఒకరాత్రి నానబెట్టి వార్చిన మరియు మేలు.

నాటునపుడు ఉండపై అర అంగుళము మట్టి కప్పుట మరువరాదు. పొట్టు పైకి కనబడుచుండిన ఎండకు తానెండి, వేళ్లచుట్టునున్న తడినికూడ లాగివేయును. నల్లరేగడి భూములలో నాటిన మరుసటి దినమే మొక్కలు వాడినట్లు కనబడినచో, తెగులని మందుకొట్టుటకు ముందు ఉండ కప్పబడియున్నదో లేదో చూడవలెను.