పోటీ పరీక్షల ప్రత్యేకం: వేడి నీటితో ప్లాస్టిక్ విచ్ఛిత్తి

వట్లూరు స్టేషన్‌లో పారేసిన నీళ్ల సీసా అడుగున త్రిభుజంలో 1 ఉంటే అది పెట్ (పాలీఎథిలీన్ టెరిఫ్తాలేట్). కొల్లేరు చెరువుగట్ల మీది మేత సంచి సాధారణంగా పాలీప్రొపిలీన్, అంకె 5. వేడి నీటిలో రెండూ ఒకేలా విడిపోవు. మెలిక ప్రశ్న ఇక్కడే.

ఈ విచ్ఛిత్తికి వాడే నీటి సందిగ్ధ బిందువు: 374 డిగ్రీల సెల్సియస్, సుమారు 221 బార్. అది దాటితే ద్రవమూ కాదు, వాయువూ కాదు, సూపర్‌క్రిటికల్ స్థితి. కార్బన్ డయాక్సైడ్‌కు 31 డిగ్రీలు, 74 బార్. జతపరచండిలో రావచ్చు.

పెట్‌లో ఎస్టర్ బంధం ఉంది. జలవిశ్లేషణతో టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ వస్తాయి. నీటికి బదులు మిథనాల్ వాడితే ఆమ్లం స్థానంలో డైమిథైల్ టెరిఫ్తాలేట్. ఈ ఒక్క తేడా గట్టిగా గుర్తుంచుకోండి.

పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్‌లకు ఎస్టర్ బంధం లేదు. సూపర్‌క్రిటికల్ నీటిలో గొలుసు తెగి ప్రధానంగా నూనె వస్తుంది. పీవీసీ కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టి రియాక్టర్‌ను తినేస్తుంది. పైరాలిసిస్ వేరు: ఆక్సిజన్ లేకుండా వేడి చేయడం, నీటితో పనిలేదు.

చట్టం: ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016, మాతృచట్టం పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986. ఎంపిక చేసిన ఏకవినియోగ వస్తువులపై నిషేధం 2022 జులై 1 నుంచి. క్యారీబ్యాగుకు కనీస మందం 120 మైక్రాన్లు 2022 డిసెంబరు 31 నుంచి.

పైన చెప్పిన కొల్లేరు: అభయారణ్యం 1999, రామ్‌సర్ గుర్తింపు 2002. ఈ రెండు సంవత్సరాలను తారుమారు చేసి అడగడం మామూలే.