కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు

చదువవలసిన వాక్యభాగం: 1 రాజులు 19:1-13



కర్మెలు కొండమీద ఆకాశం నుండి అగ్ని దిగివచ్చిన కథ మన పిల్లలకు కూడా తెలుసు. జ్ఞానోపదేశం తరగతిలో ఏలీయా ప్రవక్త పేరెత్తితే చాలు, ముందు బెంచీవాళ్లు పోటీపడి చెప్పేస్తారు. ఆ తరువాతి అధ్యాయం మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. అందులో అదే ఏలీయా, అగ్నిని దింపిన ఏలీయా, రాణి బెదిరింపుకు భయపడి పారిపోతున్నాడు. ఒక రోజంతా ఎడారిలో నడిచి, ఒంటరిగా ఒక చెట్టు క్రింద కూలబడ్డాడు. ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసుకో అని అడిగాడు. అడిగి నిద్రపోయాడు.

ఇటువంటి మాట మన ఇళ్లలో వినబడనిది కాదు. మంచం పట్టిన ముసలితల్లి అంటుంది. అప్పులవాళ్లు ఇంటిమీదికి వచ్చినరోజు ఇంటి యజమాని అంటాడు. అన్న వెంటనే మనం "అలా అనకూడదు, పాపం" అని నోరు మూయిస్తాం. దేవుడు ఏలీయా నోరు మూయించలేదు. విశ్వాసం చాలలేదని కోప్పడలేదు. ఒక దూతను పంపాడు. ఆ దూత భుజం తట్టి లేపి, తిను అన్నాడు. చూస్తే తలాపున వేడి రాళ్లమీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు ఉన్నాయి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత దానికీ విసుక్కోలేదు. రెండోసారి లేపి, ప్రయాణం చాలా దూరం, ఇంకొంచెం తిను అన్నాడు. ఆ తిండి బలంతోనే ప్రవక్త నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాడు.

ఆ కొండ దగ్గర జరిగింది మనకు బాగా తెలిసినదే. పెనుగాలి వీచింది, ప్రభువు ఆ గాలిలో లేడు. భూకంపం వచ్చింది, అందులోనూ లేడు. అగ్ని వచ్చింది, అందులోనూ లేడు. చివరకు మెల్లని స్వరం వినిపించింది. శ్రీసభ ఈ అధ్యాయాన్ని రెండు ముక్కలుగా మనకు వినిపిస్తుంది. సామాన్య కాలపు 19వ ఆదివారం నాడు "ఎ" సంవత్సరంలో కొండమీది స్వరం, అదే ఆదివారం "బి" సంవత్సరంలో ఎడారిలోని రొట్టె. అందువల్ల ఈ రెండూ ఒకే మనిషికి వరుసగా జరిగిన సంగతులని మనం మరచిపోతాం. ముందు రొట్టె, నీళ్లు, నిద్ర. ఆ తరువాతే స్వరం. దేవుని ఓదార్పు ఎక్కడుందని వెదికేవారు ఈ వరుసను గుర్తుంచుకోవాలి. చాలామంది మొదటిదాన్ని లెక్కలోకి తీసుకోకుండా రెండోదానికోసం ఎదురుచూసి, దేవుడు నాతో మాట్లాడలేదని బాధపడుతుంటారు.

మన ప్రాంతంవారికి గాలి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ వచ్చింది. విశాఖతోపాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ అతలాకుతలం చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అది జపమాల మాసం. ఉద్దానంలో తాతలనాటి కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. వరి పోతే మళ్లీ ఏడు వేసుకోవచ్చు. జీడిమొక్క మూడు నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు. నాటు కొబ్బరి అయితే ఆరేడేళ్లు పడుతుంది. నలభై ఏళ్ల చెట్టు పడిపోయినవాడి ఇంట్లో పోయింది ఒక పంట కాదు, కూతురి పెళ్లి, కొడుకు చదువు, ముసలితనంలో తన తిండి.

అప్పుడు కొందరు దీన్ని దేవుని కోపం అన్నారు. ఇప్పటికీ అంటారు. వారికి హోరేబు కొండ చూపించాలి. ప్రభువు ఆ గాలిలో లేడు. మరి ఎక్కడున్నాడు? కరెంటు లేక, మోటార్లు ఆడక, మంచినీళ్ల బిందెకోసం జనం అల్లాడిన ఆ రోజుల్లో నీళ్లు తెచ్చి పోసినవారి దగ్గర వెదకండి. తన కప్పు ఎగిరిపోయినా పక్కింటి పిల్లలకు గంజి కాచి పెట్టిన ఇల్లాలి దగ్గర వెదకండి. చీకట్లో స్తంభాలు నిలబెట్టిన కరెంటు మనుషుల దగ్గర వెదకండి. వారిలో మన విశ్వాసంవారు ఎందరో, కానివారు ఎందరో దూత లెక్కపెట్టడు. ఏలీయాకు కూడా ఆ రొట్టె కాల్చింది ఎవరో గ్రంథం చెప్పలేదు.

ఇలా దినచర్యలో దేవుణ్ణి చూడడం మన మేత్రాసనానికి కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. ఒక విధంగా అది మనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. శ్రీకాకుళం మేత్రాసనం విశాఖ నుండి వేరుపడి 1993లో ఏర్పడింది. ఆ విశాఖకు 1846లో సువార్త పనికి వచ్చినవారు ఫ్రాన్సు దేశపు అన్సీ పట్టణం నుండి బయలుదేరిన ఫ్రాన్సిస్ సేల్స్ మిషనరీలు. వారి సభను 1838లో మెర్మియే గురువులు స్థాపించి, పునీత ఫ్రాన్సిస్ సేల్స్‌వారి పేరు పెట్టారు. ఈ పునీతులు జెనీవా పీఠాధిపతులు. ప్రసంగం వినడానికి జనం రాకపోతే, చెప్పదలచుకున్నది కాగితాలమీద వ్రాసి ఇళ్లకు పంపినవారు. అందుకే 1923లో పదకొండవ భక్తినాథ పోపుగారు వారిని కథోలిక రచయితలకు, పత్రికలవారికి పాలక పునీతులుగా ప్రకటించారు. ఈ పత్రిక కూడా వారి నీడలోనే నడుస్తున్నదన్నమాట.

ఫ్రాన్సిస్ సేల్స్‌వారు 1609లో గృహస్థులకోసం భక్తి జీవితం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఆనాడు భక్తి అంటే మఠాలవారి సొత్తు అని లోకం అనుకునేది. వారు కాదన్నారు. భక్తి అందరికీ ఉంది, కానీ ఒకరి భక్తి మరొకరికి అతకదు అన్నారు. సన్యాసిలాగా రోజంతా గుడిలో కూర్చునే సంసారి తన సంసారాన్ని చెడగొట్టుకుంటాడు. అతని భక్తి అతని పనిలోనే ఉండాలి. మన మాటల్లో చెప్పుకోవాలంటే, పలాసలో జీడిపిక్కలు ఒలిచే చెల్లెలి భక్తి ఒకటి. ఆ పిక్కల నూనెకు వేళ్లు నల్లబడి, తోలు ఊడివస్తుంది. ఆ వేళ్లతోనే రాత్రి జపమాల పూసలు తిప్పుతుంది. తెల్లవారకముందే తెప్ప తోసుకుని వెళ్లే బెస్త అన్న భక్తి మరొకటి. విజయనగరం వైపు మామిడితోటలో కావలి పడుకునేవాడి భక్తి ఇంకొకటి. ఎవరిదీ ఎవరికన్నా తక్కువ కాదు.

అదే పుస్తకంలో వారు సియెన్నా పునీత కత్తెరీనమ్మను గురించి వ్రాసిన సంగతి మన తల్లులందరూ తెలుసుకోవలసింది. ఆమె పొందిన దర్శనాలు గొప్పవే. కానీ తండ్రి వంటింట్లో పొయ్యి దగ్గర చాకిరీ చేస్తూ, తండ్రిని క్రీస్తుప్రభువుగా, తల్లిని మరియమాతగా, అన్నదమ్ములను అపోస్తలులుగా తలచుకుని వడ్డించిందే, అది తనకు ఇంకా నచ్చిందంటారు వారు. తలనొప్పి, పంటినొప్పి, పగిలిన గాజుపాత్ర, భర్తదో భార్యదో చిరాకు, వీటిని ప్రేమతో భరిస్తే దేవునికి ప్రీతికరమని అక్కడే చెప్పారు. అయితే దీన్ని పట్టుకుని, తాగివచ్చి కొట్టే భర్త దెబ్బలు కూడా భరించు అని ఇల్లాలికి చెప్పేవారున్నారు. ఆ పునీతులు చెప్పింది గాజుపాత్ర గురించి, పగిలిన తల గురించి కాదు.

ఇక గాజుపాత్రకంటే పెద్ద కష్టానికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు తెలియని ఊరు అరుదు. షుగరు, బి.పి. లేని కష్టజీవులకు కూడా ఇది వస్తున్నది. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చి చెప్పలేదు. డయాలసిస్ దాకా వెళ్లినవారికి వారంలో రెండు మూడు రోజులు మిషను ప్రక్కనే గడుస్తాయి. ఒక్కోసారి నాలుగు గంటలు. బస్సు, ఆటో, ఎదురుచూపు కలిపితే పూటలు పూటలు అక్కడే. తోడు వెళ్లినవారికి ఆ రోజు కూలి పోయినట్టే. అన్నిటికంటే కష్టం దాహం. ఉద్దానపు ఎండలో, నీళ్లు గ్లాసుతో కొలుచుకుని గుక్కెడు గుక్కెడు తాగాలి. అటువంటివారికి ఏలీయా కూజా కథ చెప్పాలంటే మనకే నోరు రాదు. వారికి సిలువమీద దాహమన్న ప్రభువే (యోహాను 19:28) దగ్గరివాడు. ఆ మాట మనం పవిత్ర శుక్రవారం నాడు వింటాం. వారు దాన్ని వారం పొడుగునా తమ నాలుకమీద మోస్తారు.

ఇటువంటి ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలి అని చాలామంది అడుగుతారు. యోబు స్నేహితులను చూడండి. వారు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చున్నారు, ఒక్కమాట కూడా అనలేదు (యోబు 2:13). వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పిన దగ్గరనుండి చెడగొట్టారు. నీవు ఏదో తప్పు చేసి ఉంటావు అన్నారు. చివరకు దేవుడు వారిమీదనే కోపించాడు (42:7). కాబట్టి "దేవుని చిత్తం" అనే మాటను రోగి తానుగా అంటే విందాం. మనం ముందుగా అనవద్దు. ఒక పూట తోడు వెళితే, ఆ ఇంటి పిల్లవాణ్ణి బడి నుండి తీసుకువస్తే, పథ్యం అడిగి తెలుసుకుని దానికి తగినట్టు వండి పంపితే, అది దూత చేసిన పనే. పథ్యం అడగడం మరువవద్దు. ఈ జబ్బులో కొబ్బరినీళ్లు, పళ్లు కూడా కొందరికి ప్రమాదం. ప్రేమతో పట్టుకెళ్లిన బోండామే చేటు చేయవచ్చు.

మరికొందరు, నీకు నిజంగా విశ్వాసముంటే మందులు మానివేయమని చెబుతున్నారు. ఈ మాట విని డయాలసిస్ మానితే ప్రాణం పోతుంది. ఇది మన కథోలిక బోధ కాదు. మన పరిశుద్ధ గ్రంథంలోని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీసి ఇంట్లో పెద్దగా చదవండి. వైద్యుణ్ణి గౌరవించమని, అతణ్ణి సృజించింది దేవుడేనని, మందులు నేలనుండి పుట్టించింది ఆయనేనని అందులో ఉంది. అదే అధ్యాయం రోగిని ప్రార్థించమనీ చెబుతుంది, వైద్యుని దగ్గరకు వెళ్లమనీ చెబుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుండి వంశధార నీళ్లను ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. ఏలీయాకు నీళ్లు కూజాలో వచ్చాయి, మనకు పైపులో వచ్చాయి. పైపులో వచ్చినంతమాత్రాన అవి దేవుని దానం కాకుండా పోవు.

ఇంట్లో దీన్ని అభ్యాసం చేయడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. రాత్రి జపమాల ముగిశాక, దీపం తీయకముందు, ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పాలి: ఈరోజు నాకు రొట్టె ఎవరు తెచ్చారు? బస్సులో సీటిచ్చినవాడు కావచ్చు, లెక్క అర్థమయ్యేదాకా చెప్పిన టీచరు కావచ్చు. చిన్నపిల్లలు ముందు చెబితే మంచిది, వారు దాచుకోరు. ఏమీ దొరకని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు ఏమీ దొరకలేదని ప్రభువుతో చెప్పడమే ప్రార్థన. ఏలీయా చెట్టుక్రింద చేసింది అదే. తరువాతి ప్రశ్న, నేను ఎవరికి తీసుకువెళ్లాను అన్నది. పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయంలో, మనం పొందిన ఓదార్పు ఇతరులను ఓదార్చడానికే అంటారు (1:3-4). పొందింది తెలియనివాడు ఇవ్వలేడు, అందుకే మొదటి ప్రశ్న ముందు.

చివరగా, జబ్బుపడినవారున్న ఇళ్లకు రెండు సంగతులు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుబ్రతుకుల మధ్య ఉన్నవారికే అనే భయం మన పల్లెల్లో ఇంకా పోలేదు. ఫాదర్‌గారు తైలం తెచ్చారంటే ఇక అయిపోయినట్టే అని ముసలివారు గడగడలాడతారు. అది సరికాదు. జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషనుకు ముందు ఈ సంస్కారం పొందవచ్చు. జబ్బు ఇంకా ముదిరితే మళ్లీ పొందవచ్చు. పునీత యాకోబు తన లేఖలో (5:14) పెద్దలను పిలిపించమన్నది రోగి కోసం, శవం కోసం కాదు. డయాలసిస్ వల్ల ఆదివారం పూజకు రాలేనివారుంటే ఉపదేశిగారికో, మఠకన్యలకో, విచారణ గురువులకో కబురు చేయండి. కబురు అందకపోతే వారికి తెలిసే దారి లేదు.

రెండవది ఉపవాసం గురించి. దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి ఒక గంట ముందునుండి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదన్నది నియమం. వృద్ధులకు, రోగులకు ఆ గంట నియమం వర్తించదు. వేళ తప్పకుండా తినవలసినవారు తినే తీసుకోవచ్చు. శ్రీసభ చట్టం 919వ సూత్రం ఇంకొక అడుగు ముందుకు వేసింది. రోగి దగ్గర ఉండి సేవ చేసేవారికి కూడా అదే సడలింపు ఇచ్చింది. రాత్రంతా మేలుకొని, తెల్లవారి రెండు ముద్దలు నోట్లో వేసుకున్న కోడలు, ఫాదర్‌గారు సత్ప్రసాదం తెచ్చేసరికి వెనక్కి తగ్గి గుమ్మం దగ్గర నిలబడనక్కరలేదు. ఆమె కూడా ముందుకు వచ్చి తీసుకోవచ్చు.