కెనడా చేరిన బ్రిటిష్ బాలలు

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో బ్రిటన్ సంపద పెరిగినను, లండన్, లివర్‌పూల్ వంటి నగరాలలో పేదల బిడ్డలతో శరణాలయాలు కిక్కిరిసి ఉండేవి. అదే కాలంలో కెనడాలో సాగుభూమి విస్తారం, పనివారు కొరత. ఈ రెండు అవసరాల కలయికనుండి పుట్టినదే బాలల వలస పథకం. 1869లో మరియా రై మొదటి బృందాన్ని ఓడలో తీసుకొని వెళ్ళింది. ఆనీ మాక్‌ఫర్సన్, 1882 నుండి డాక్టర్ బర్నార్డో సంస్థ అదే మార్గాన్ని అనుసరించారు. 1948 నాటికి లక్షమందికి పైగా బాలబాలికలు ఇట్లు కెనడా చేరారు. శరణాలయాలనుండి వచ్చినందున వారిని ‘హోమ్ చిల్డ్రన్’ అన్నారు.

వీరందరూ అనాథలని తలచుట పొరపాటు. అనేకులకు తల్లియో తండ్రియో జీవించియే ఉన్నారు. దారిద్ర్యంవల్లనో, రోగంవల్లనో కొంతకాలానికని బిడ్డను శరణాలయంలో ఉంచి, తిరిగి వచ్చేసరికి ఆ బిడ్డ సముద్రం దాటిపోయిన సందర్భాలున్నాయి.

ఒక పెట్టెలో దుస్తులు, ఒక బైబిలు - ఇదే బాలుని ఆస్తి. కెనడాలో అతనిని ఒక రైతుకు ఒప్పందంపై అప్పగించేవారు. చిన్నవారికి కూడు, గుడ్డ, కొంత చదువు. పెద్దవారికి స్వల్పమైన జీతం. ఆ జీతం తరచు సంస్థవద్దనే జమ అయ్యేది. పొలంపనుల రోజులలో బడి మూలబడేది. తోడబుట్టినవారు వేర్వేరు ఊళ్ళ పాలయ్యేవారు. కొందరు దయగల ఇళ్ళలో సుఖంగా పెరిగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన క్లాడ్ నన్నీ ఇట్టి బాలుడే. కాని మంచి యజమాని దొరకుట కేవలం అదృష్టంపై ఆధారపడినది. 1895లో జార్జి గ్రీన్ అనే బాలుడు ఆంటారియోలోని ఒక పొలంలో కొద్ది నెలలకే మరణించాడు. యజమానురాలిపై విచారణ జరిగినను, జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించినవారు లేకపోలేదు. బ్రిటిష్ ప్రభుత్వాధికారి ఆండ్రూ డాయల్ కెనడాలో పర్యటించి, పంపిన పిల్లలను తగినట్లు పర్యవేక్షించుట లేదని 1875లోనే నివేదించాడు. ఆ హెచ్చరికకు తగిన విలువ లభించలేదు. 1924లో మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ నాయకత్వాన వెళ్ళిన సంఘం, బడి వయస్సు దాటని పిల్లలను పంపరాదని చెప్పింది. తల్లిదండ్రులు వెంట లేని పదునాలుగేండ్లలోపు పిల్లల రాకను కెనడా 1925లో నిలిపివేసింది. నివేదికకూ నిషేధానికీ నడుమ ఏబది ఏండ్లు గడిచినవి. 1935లో బ్రిటిష్ కొలంబియాలో నెలకొల్పిన ఫెయిర్‌బ్రిడ్జ్ పాఠశాలకు ఆ తరువాత కూడ పిల్లలు వచ్చారు.

2010లో బ్రిటిష్ ప్రధాని గార్డన్ బ్రౌన్, 2017లో కెనడా దిగువసభ క్షమాపణ తెలిపినను, అప్పటికి ఆ బాలలలో అత్యధికులు కాలధర్మం చెందారు.

పథకకర్తలలో పలువురు నిజమైన దయాపరులే. వారికి కొరవడినది సంకల్పం కాదు, విచారణ. బిడ్డను అడిగితిమా, పంపిన పిమ్మట పోయి చూచితిమా - సంఘసేవ తలపెట్టు విద్యార్థులు, సంస్థలు నడుపు పెద్దలు ఈ రెండు ప్రశ్నలను సదా జ్ఞప్తియందుంచుకొనదగును.