వరి క్రోమోసోములు - వాని నొక్కులు

పోచారము ప్రాజెక్టు క్రింద వరి పండించు సభ్యులు వానకాలమునకును యాసంగికిని ముందు మమ్మడుగు ప్రశ్న యొకటి గలదు: హైబ్రిడ్ వడ్లను మరల విత్తనమునకు దాచుకొనరాదా యని. దీనికి ఉత్తరము మొక్క కణములోనే యున్నది.

వరి మొక్క దేహమందలి కణమున 24 క్రోమోసోములు, అనగా 12 జతలు గలవు. జతలో నొకటి పుప్పొడినుండియు, రెండవది అండమునుండియు వచ్చినది. గుణములను నిర్ణయించు జన్యువులు ఈ సన్నని దారముల వెంట వరుసగా నమరియుండును.

కణము రెండుగా చీలునపుడు ఈ దారములు ముడుచుకొని పొట్టివై లావగును. అప్పుడు సూక్ష్మదర్శినితో చూచినచో, త్రాటితో బిగించిన గడ్డిమోపు నడుమువలె, ప్రతిదానియందును ఒక నొక్కు కాన్పించును. ఇది ప్రధానమైన నొక్కు. దాని కిరువైపుల నుండునవి భుజములు. నొక్కు నడుమనున్న భుజములు సమానములు. ప్రక్కకు జరిగియున్న ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. క్రోమోసోములను గుర్తించుట కిది యొక ఆనవాలు. కొన్నిటికి రెండవ నొక్కును గలదు. వరిలో 9వ క్రోమోసోమున కట్టిది యుండును. అచ్చట కేంద్రకాంశమను చిన్న ఉండ ఏర్పడును.

చీలికకు ముందు ప్రతి క్రోమోసోమునకు మరియొక ప్రతి తయారగును. సన్నని పోగులు ప్రధానమైన నొక్కును పట్టి, ఆ ప్రతులను చెరియొక వైపునకు లాగును. కాబట్టి క్రొత్త కణములు రెండింటికిని సరియైన వాటా లభించును. నొక్కులేని తునక తెగిపడినచో దానిని లాగు పోగు లేదు. అది తరచుగా నశించును, అందలి గుణములును దానితో పోవును.

పుప్పొడియు అండమును ఏర్పడునపుడు మాత్రము జతలే విడిపోయి, ఒక్కొక్కదానికి 12 క్రోమోసోములు చేరును. మన ప్రశ్నకు మూలమిదియే.

హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సీసీఎంబీయు కలిసి రూపొందించగా 2008లో విడుదలయైన మెరుగుపరచిన సాంబ మసూరిని చూడుడు. ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులు దానిలో 5, 8, 11వ క్రోమోసోములపై గలవు. అది స్థిరమైన రకము. జతలోని రెండును ఒకే తీరువి. ఎట్లు విడిపోయినను సంతానము తల్లిని పోలియుండును. హైబ్రిడ్‌నందు జతలోని రెండును భిన్నములు. దాచిన గింజలలో అవి పలు విధములుగా కలియును. పైరు ఎత్తు, ఈనుకాలము, దిగుబడి ఒక తీరున నుండవు.

కావున హైబ్రిడ్ విత్తనమును ప్రతి పంటకును క్రొత్తగా కొనుడు. స్థిరమైన రకమైనచో కేళీలను ఏరివేసి, బాగుగా నెండబెట్టి, నిర్భయముగా దాచుకొనుడు.